రెండు చుక్కలు

వాడపల్లి రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు
మొన్నటిసంది వరుసలో ఉన్నయి.
వాటి పక్కనించి మోపెడ్ తోలుకుంటూ వచ్చిన.
సంచిలో పదహారు పేజీల ఫారం, కార్బన్ కాయితాలు,
అడుగున సద్ది డబ్బా.

మురహరి సేటు మిల్లు మెట్లు ఎక్కకముందే
పొగగొట్టం నా హాజరు వేసుకుంది
అంగీ భుజం మీద, నల్లటి నుసితో.

మొదటి ప్రశ్న: ఇక్కడ ఏం తయారైతది?
గుమాస్తా లింగస్వామి నవ్విండు.
"బియ్యం తయారు చేసేది మేమా సారూ?
కాలువ నీళ్లు, రైతు, ఎండ.
మేం పొట్టు తీస్తం, గంతే."
పొట్టు తీసుడుకు గూడ ఒక అంకె ఉంది.
హనోయ్‌ల తీసినా లాగోస్‌ల తీసినా
లోకమంతా అదే అంకె.
రాసుకున్న.

రెండో ప్రశ్నకు రెండు పుస్తకాలు బయటికొచ్చినయి.
బ్యాంకుకు చూపేది దొడ్డు లెక్క,
పన్నులాఫీసుకు సన్న లెక్క.
"మీకు ఏది వండమంటరు?"
చాయ్ తాగి, రెండింటి నడుమ ఒకటి వండుకున్నం.

పనోళ్లు ఎంతమంది?
"మావోళ్లు పదకొండు."
మరి బస్తాల కింద వంగిన ఆ నలభై మంది?
"వాళ్లు మేస్త్రీ మనుషులు. వాళ్ల లెక్క మేస్త్రీ తాన ఉంటది."
మేస్త్రీ ఏడీ?
"మధేపురల."
బిర్జూ మాఝీ మాకు అడ్డమొచ్చి, పక్కకు జరిగి,
మెడ మీది కాయను తువ్వాలతో కప్పుకున్నడు.
బాయిలర్ ఏడాదికి నూటికి పదిహేను అరుగుతదని
ఏడో పేజీ ఒప్పుకుంటది.
నేను పేజీ తిప్పిన.

లారీ కింద ఎవరో ఉన్నరు.
ముందు చీపురు కనపడ్డది, తర్వాత సైదమ్మ.
రాలిన గింజలు మట్టితో సహా చాటల పోసుకుంటుంది.
రాలింది ఆమెది. కూలి లేదు.
మునుగోడు దిక్కునించి వచ్చి ఇరవై ఏండ్లయిందట,
బస్తాలు చినిగిన రోజు మంచి రోజట.
ఉద్యోగి గళ్లె పట్టదు.
యజమాని గళ్లె పట్టదు.
ముడిసరుకు కొన్న చోటు అని ఒకటుంది,
అండ్ల గూడ పట్టదు.

"గా కాయితం నిండితే ఏమైతది బిడ్డా?"
ఢిల్లీకి పోతది. ఆడినించి వియన్నా అని ఒక ఊరికి.
లోకంల ఉన్న మిల్లులన్నీ
ఒక్క పుస్తకంల పక్కపక్కన కూసుంటయి, అన్న.
చాట చెరుగుడు ఆపి ఆలోచించింది.
"అయితే అడుగు.
వాళ్ల దిక్కు గూడ ఆరేసిన బట్టల మీద బూడిద పడతదా?
పడితే, ఏం జేస్తున్నరు?"

నా పదహారు పేజీలల్ల
అంత సక్కటి ప్రశ్న లేదు.

రాత్రి నల్లగొండ రూముల
ఆ పెద్ద పుస్తకం తెరిచిన.
దేశానికొక వరుస, పరిశ్రమకొక నిలువు.
కొన్ని గళ్లల్ల అంకెలు లేవు,
రెండు చుక్కలున్నయి.
కింద చిన్నక్షరాలల్ల అర్థం రాసిండ్రు:
సమాచారం దొరకలేదు.
సున్నా అని కాదు. సున్నా వేరే.
సున్నా అంటే పోయి చూసినం, లేదు.
చుక్కలంటే ఉన్నదో లేదో
ఎవరూ లారీ కిందికి వంగలేదు.

బొలీవియా వరుసల చుక్కలు, చాద్ వరుసల చుక్కలు,
నూకలు చల్లినట్టు పేజీ పొడుగునా.
ఎన్ని చీపుర్లో అనుకున్న.
లెక్కపెట్టబోయి, మూడో పేజీల నిద్రపోయిన.

పొద్దున్నే చివరి పేజీ, 'ఇతర విషయాలు' గళ్లెల రాసిన:
లారీ కింద ఒకరు. ఆరేసిన బట్టల మీద బూడిద.
పైఅధికారి గురువారం ఫోన్ చేస్తడు,
గిదేంది, ఏ కోడ్ కింద అని.
ఏం చెప్పాల్నో ఇంకా తెల్వదు.

బుధవారం జడ్చర్ల, పత్తి మిల్లు.
తెల్ల నుసి అంట ఆడ.
నల్ల అంగీ ఒకటి వెతుక్కోవాలె.